క్రయోనిక్స్: సైన్సు ఎంత, ఆశ ఎంత, నెలనెలా కట్టే ప్రీమియం ఎంత

2016 అక్టోబరులో లండన్ హైకోర్టు ఫ్యామిలీ డివిజన్ ముందుకు ఒక విచిత్రమైన తగాదా వచ్చింది. అరుదైన క్యాన్సర్‌తో ఆఖరి రోజుల్లో ఉన్న 14 ఏళ్ల అమ్మాయి, తాను పోయాక తనను పూడ్చిపెట్టొద్దని, దేహాన్ని అమెరికా పంపి అతిశీతల స్థితిలో దాచాలని కోరింది. ఎన్ని వందల ఏళ్లకైనా సరే, తన జబ్బుకు మందు దొరికితే లేపుతారన్నది ఆమె ఆశ. ఇలా దాచడాన్నే క్రయోనిక్స్ అంటారు. తల్లి ఒప్పుకుంది. చాలా ఏళ్లుగా కూతురితో రాకపోకలు లేని తండ్రి మొదట వద్దన్నాడు. రెండు వందల ఏళ్లకు లేచిందే అనుకుందాం, అప్పటికి నా అన్నవాళ్లు ఒక్కరూ మిగలరు, ఏమీ గుర్తుండకపోవచ్చు, పరాయి దేశంలో ఆ వయసు పిల్ల గతేం కావాలి అని అడిగాడు.

జస్టిస్ పీటర్ జాక్సన్ ఆసుపత్రికి వెళ్లి ఆ అమ్మాయిని చూశారు. దేహాన్ని ఏం చేయాలో నిర్ణయించే హక్కు తల్లిదేనని తీర్పిచ్చారు. అక్టోబరు 17న అమ్మాయి చనిపోయింది. దేహం మిషిగన్ రాష్ట్రంలోని ఒక కేంద్రానికి చేరింది. ఖర్చు సుమారు 37,000 పౌండ్లు.

చనిపోయినవాళ్లను బతికించే పద్ధతికి కోర్టు ముద్ర పడిందని ఈ తీర్పును అర్థం చేసుకున్నవాళ్లు ఉన్నారు. కానీ క్రయోనిక్స్ పనిచేస్తుందా లేదా అన్న సంగతి జడ్జి ముట్టుకోనేలేదు. తల్లిదండ్రుల మధ్య వివాదాన్ని తేల్చారు, అంతే. ఈ విషయం మీద జరిగే చర్చలన్నిటిలోనూ ఇదే చిక్కు. వేర్వేరుగా అడగాల్సిన మూడు ప్రశ్నలు ఒకే ముద్దగా కలిసిపోతాయి. మనిషిని మనిషిగా నిలిపే మెదడు నిర్మాణం చెడకుండా దాచగలమా? దాచినదాన్ని ఎప్పటికైనా బాగుచేయగలరా? అప్పటిదాకా దానికి కాపలా ఎవరు, ఎవరి డబ్బుతో? మొదటి రెండింటి మీద వాదోపవాదాలు ఎక్కువ. చరిత్ర చూస్తే మాత్రం దాచిన దేహాలు చేజారింది మూడోదాని దగ్గర.

ఫ్రీజర్ బాక్సు వేరు, ఇది వేరు

మన దగ్గర ఇంట్లో ఎవరైనా పోతే, అమెరికా నుంచో దుబాయి నుంచో పిల్లలు దిగేదాకా ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెస్తారు. అది కుళ్లడాన్ని కొద్ది రోజులు వాయిదా వేస్తుంది. అక్కడ రసాయన చర్యలు నెమ్మదిస్తాయి కానీ ఆగవు. క్రయోనిక్స్‌లో దేహాన్ని ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. ఆ చలిలో జీవరసాయన చర్యలు నిలిచిపోయినట్టే. పదేళ్లు ఉంచినా, రెండు వందల ఏళ్లు ఉంచినా లోపల పెద్ద తేడా రాదు. ఇందులో వివాదం లేదు. సమర్థకుల వాదనకు పునాది కూడా ఇదే: ఇవాళ్టి వైద్యానికి చేతకాని మనిషిని, మధ్యలో ఇంకా పాడవకుండా, రేపటి వైద్యం చేతికి అప్పగించడం.

దీనికి చుట్టాల్లా వినిపించే పేర్లు రెండున్నాయి. ఇస్రో రాకెట్ల వల్ల మనకు అలవాటైన క్రయోజెనిక్స్ అతిశీతల ఉష్ణోగ్రతలకు సంబంధించిన భౌతికశాస్త్రం, ఇంజినీరింగు. క్రయోబయాలజీ చలిలో జీవకణాలు ఏమవుతాయో చదివే శాస్త్రం. రెండూ విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. చట్టప్రకారం చనిపోయిన మనిషిని, మళ్లీ లేపవచ్చనే ఆశతో దాచడం క్రయోనిక్స్. ఇది ఆ శాస్త్రాల పనిముట్లు వాడుకుంటుంది, కానీ వాటి ఆమోదం దీనికి లేదు. క్రయోబయాలజీ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 1982లో తన నిబంధనలు మార్చి, మృతదేహాలను గడ్డకట్టించే పనిలో ఉన్నవాళ్లకు సభ్యత్వం లేకుండా చేసింది కూడా.

చలిలో ఆగిన జీవం మళ్లీ కదలడం మాత్రం కొత్త సంగతేం కాదు. పాడి ఉన్న ఊళ్లలో గోపాలమిత్రలు బండి మీద తెచ్చే క్యాన్లలో ఉండేది ద్రవ నత్రజనే. అందులో ఏళ్లుగా ఉన్న ఆబోతు వీర్యం స్ట్రాను గోరువెచ్చని నీళ్లలో కరిగించి వాడితే దూడ పుడుతుంది. హైదరాబాద్, విజయవాడల్లోని సంతానసాఫల్య కేంద్రాల్లో పిండాలను దాచేదీ ఇలాగే. 1992లో గడ్డకట్టించిన పిండాల నుంచి 2022 అక్టోబరులో అమెరికాలో కవలలు పుట్టారు. పిండానికి సాధ్యమైంది మనిషికి ఎందుకు కాదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. జవాబు పరిమాణంలో ఉంది. దాచే దశలో పిండమంటే కొన్ని కణాలు, మహా అయితే వందా రెండు వందలు. క్షణాల్లో చల్లబడుతుంది, క్షణాల్లో వెచ్చబడుతుంది. కిలోకు పైగా తూగే మెదడులో ఒక్క నాడీకణాలే 8,600 కోట్లు. అంత ముద్ద లోపలికి చలి ఒక్కసారిగా చేరదు.

చనిపోవడం ఒక క్షణమా, ఒక వరుసా

క్రయోనిక్స్ సంస్థలు తమ దగ్గరున్నవాళ్లను మృతులనవు, పేషెంట్లంటాయి. వినగానే వ్యాపార చమత్కారం అనిపిస్తుంది. కొంత నిజమే. అయితే దాని వెనక తీసిపారేయలేని వాదన ఒకటుంది.

గుండె ఆగితే మరణమన్నది పాత లెక్క. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం శాశ్వతంగా పనిచేయకపోవడాన్నీ మరణంగా గుర్తించింది. జీవన్‌దాన్ ద్వారా మన రెండు రాష్ట్రాల్లో బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలు ఇతరులకు అమరుస్తున్నది ఆ చట్టం ఆధారంగానే. ఆగిన గుండె ఆగినట్టే ఉండాలనీ లేదు. బృహద్ధమనికి చేసే కొన్ని ఆపరేషన్లలో ఒంటి వేడిని 18 డిగ్రీల దాకా దించి, అరగంట సేపు రక్తప్రసరణ పూర్తిగా ఆపేస్తారు. ఆ సేపు మెదడులో విద్యుత్ అలజడి కూడా ఉండదు. అయినా రోగి లేచి పిల్లల పేర్లు చెబుతాడు. 1999లో నార్వేలో మంచు కింది వాగులో చిక్కుకున్న ఒక డాక్టరు ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది, గుండె ఆగింది. ఆమె కోలుకుని మళ్లీ ఉద్యోగంలో చేరింది.

దీని నుంచి ఒకటి గట్టిగా చెప్పవచ్చు. పాత జ్ఞాపకాలు మెదడులో పారే విద్యుత్తులో కాక, నాడీకణాల మధ్య అతుకుల్లో, వాటిలోని అణువుల అమరికలో ఉన్నాయి. దీన్ని పట్టుకుని కంప్యూటర్ శాస్త్రవేత్త రాల్ఫ్ మెర్కిల్ మరణానికి మరో కొలమానం పెట్టారు. ఆ అమరికను ఏ సాంకేతికతా తిరిగి ఊహించలేనంతగా చెదిరిపోతేనే అసలు మరణమన్నారు. వినడానికి బాగుంది. కానీ ఈ కొలమానంతో ఎవరు పోయారో ఎవరు ఉన్నారో ఇవాళ ఎవరూ తేల్చలేరు. నిరూపించడానికి వీల్లేదు, ఖండించడానికీ వీల్లేదు. విమర్శకులకు ఒళ్లు మండేది అక్కడే.

కణాన్ని చంపేది చలి కాదు, మంచు

నీరు గడ్డకడితే పలుగుల్లాంటి స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయని అందరూ అనుకునేది. అది సగమే. మెల్లగా చల్లబడే కణజాలంలో మంచు ముందుగా కణాల బయట మొదలవుతుంది. శుద్ధమైన నీరు మంచుగా వేరుపడగా, మిగిలిన కాస్త నీటిలో ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పు పట్టించిన మామిడి ముక్కల నుంచి ఊట దిగినట్టే, ఆ చిక్కని ఉప్పునీరు కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. కణం ముడుచుకుపోతుంది, పొరలు దెబ్బతింటాయి. స్ఫటికాల ఒత్తిడి దీనికి తోడు.

విరుగుడు విట్రిఫికేషన్. రక్తం తీసేసి దాని స్థానంలో గ్లిజరాల్, డీఎంఎస్ఓ, ఇథిలీన్ గ్లైకాల్ లాంటి రసాయనాలు కలిసిన ద్రావణాన్ని గాఢత పెంచుకుంటూ నడిపిస్తే, నీరు స్ఫటికం కట్టకుండా చల్లబడేకొద్దీ చిక్కబడి, మైనస్ 120 డిగ్రీల ప్రాంతంలో గాజులా బిగుసుకుంటుంది. మంచు లేదు కాబట్టి మంచు తెచ్చే నష్టం లేదు. బదులుగా మూడు కొత్త చిక్కులు వస్తాయి. ఆ గాఢతలో ద్రావణమే కణాలకు విషం. ఆగిపోయిన గుండె గల దేహంలో సన్నని రక్తనాళాలు మూసుకుపోయి ద్రావణం అన్ని మూలలకూ చేరదు. గాజైన కణజాలాన్ని ఇంకా దించి మైనస్ 196కు తెస్తే పగుళ్లిస్తుంది. పగుళ్ల సంగతి సంస్థలు దాచిపెట్టవు. బాగుచేసే పని భవిష్యత్తుదే కదా అంటాయి.

ఇక జరిగే తంతు. డాక్టరు మరణం ధ్రువీకరించేదాకా ముట్టుకోకూడదు, ముట్టుకుంటే హత్య. ధ్రువీకరించిన మరుక్షణం నుంచి పరుగు. మంచునీళ్ల తొట్టి, ఛాతీ నొక్కే యంత్రం, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, తర్వాత ద్రావణం ఎక్కించడం, ఆపై కొన్ని రోజుల పాటు నెమ్మదిగా చల్లార్చడం. చివరికి థర్మాస్ తరహాలో రెండు గోడల మధ్య శూన్యం ఉండే పెద్ద స్టీలు పాత్రలో తలకిందులుగా దించుతారు. నత్రజని తగ్గిపోతే కాళ్లు ముందు, తల ఆఖరున వెచ్చబడాలని. ఆ పాత్రలకు కరెంటు అక్కర్లేదు, ఆవిరయ్యే నత్రజనిని ఎప్పటికప్పుడు నింపుతుంటే చాలు. కొందరు తలను మాత్రమే దాచమంటారు. మెదడు ఉంటే ఒళ్లు మళ్లీ తయారుచేసుకోవచ్చన్నది వాళ్ల లెక్క.

ప్రయోగశాలలు ఎంత దూరం వచ్చాయి

అమెరికాలో గ్రెగరీ ఫాహీ బృందం ఒక కుందేలు కిడ్నీని విట్రిఫై చేసి, కరిగించి, తిరిగి అమర్చింది. ఆ ఒక్క కిడ్నీతో కుందేలు 48 రోజులు బతికింది. ఇంతకంటే గట్టి ఫలితం 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఎలుకల కిడ్నీలను 100 రోజుల దాకా గాజు స్థితిలో ఉంచి, ముందే ఎక్కించిన ఇనుప ఆక్సైడ్ నానోకణాలను మారే అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించి, అవయవమంతా ఒకేసారి వెచ్చబడేలా చేశారు. అమర్చిన ఐదు ఎలుకల్లోనూ కిడ్నీలు పనిచేశాయి. దాచడం కన్నా వెచ్చచేయడమే కష్టమని దశాబ్దాలుగా తెలుసు. అసమానంగా వెచ్చబడితే దారిలో మంచు కడుతుంది, పగులుతుంది. ఆ చిక్కుముడి మొదటిసారి నమ్మదగ్గ తీరులో విడింది.

కానీ ఈ పరిశోధన లక్ష్యం మృతులను లేపడం కాదు, అవయవాల బ్యాంకు. దానం వచ్చిన కిడ్నీ గంటల్లో పాడవుతుంది కాబట్టి, దాన్ని నెలలు నిల్వ చేయగలిగితే ఎంతోమంది బతుకుతారు. ఎలుక కిడ్నీ నుంచి మనిషి కిడ్నీకే ఇంకా చాలా దూరం. మెదడు మాటకొస్తే, ఏ క్షీరదం మెదడునూ ఆ ఉష్ణోగ్రతకు తీసుకెళ్లి మళ్లీ మొత్తంగా పనిచేయించినవాళ్లు లేరు.

మెదడు విషయంలో మరో దారి తొక్కినవాళ్లున్నారు. 2018లో ఒక పంది మెదడును, అతుకులన్నీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్పష్టంగా కనిపించేంత చక్కగా దాచినందుకు బహుమతి దక్కింది. అయితే అందుకు వాడింది గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం. అది కణజాలాన్ని శాశ్వతంగా బిగించేస్తుంది. ఆ మెదడు జీవంగా ఎన్నటికీ లేవదు. దాని పటాన్ని చదివి కంప్యూటర్లో నడపాలి, అంతే. అలా నడిచేది ఆ మనిషేనా, ఆ మనిషి నకలా? క్రయోనిక్స్ సభ్యుల్లోనే ఇక్కడ చీలిక ఉంది. పటం ఉంటే సరిపోతుందన్న మాట మీద కూడా అనుమానమే. 302 నాడీకణాలున్న ఒక చిన్న పురుగు నాడీ పటం 1986 నుంచీ చేతిలో ఉంది, అయినా ఆ పురుగు ప్రవర్తన మొత్తాన్ని దాన్నుంచి రాబట్టలేకపోయారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ నాడీశాస్త్రవేత్త మైఖేల్ హెండ్రిక్స్ 2015లో ఈ వాదనతోనే క్రయోనిక్స్ అమ్మే ఆశను తీవ్రంగా తప్పుపట్టారు. ఆయన పని ఆ పురుగు మీదే కాబట్టి ఆ మాటకు బరువుంది.

ఇప్పటిదాకా కరిగిపోయినవాళ్లు ఎందుకు కరిగారు

1960ల్లో ఫిజిక్సు పాఠాలు చెప్పే రాబర్ట్ ఎటింజర్ ఈ ఆలోచనను జనంలోకి తెచ్చాడు. 1967 జనవరి 12న చనిపోయిన మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ బెడ్‌ఫర్డ్ ఇలా భద్రపరచబడిన మొదటి మనిషి. (వాల్ట్ డిస్నీని గడ్డకట్టించారన్న కథ మన వాట్సాప్‌లోనూ తిరుగుతుంటుంది. ఆయన అంతకు నెలలోపు, 1966 డిసెంబరు 15న పోయారు. దహనం చేశారు.)

బెడ్‌ఫర్డ్‌ను భద్రం చేసిన కాలిఫోర్నియా బృందానికి పెద్ద రాబర్ట్ నెల్సన్, టీవీలు బాగుచేసే మనిషి. తర్వాత అతను చాట్స్‌వర్త్ శ్మశానంలోని నేలమాళిగలో మరికొందరిని ఉంచాడు. బంధువులు కొన్నాళ్లు డబ్బు పంపి, మెల్లగా మానేశారు. నత్రజనికి డబ్బు లేదు, పంపు చెడింది. సంగతి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. 1979లో తలుపు తెరిచేనాటికి తొమ్మిది దేహాలు కరిగి కుళ్లిపోయి ఉన్నాయి. 1974కు ముందు దాచినవాళ్లలో ఇవాళ్టికీ మిగిలింది బెడ్‌ఫర్డ్ ఒక్కడే. అదీ కుటుంబం ఆయనను నెల్సన్ దగ్గర ఉంచకుండా వేరేచోట్ల కాపాడుకుంది కాబట్టి.

ఫ్రాన్స్‌లో కథ వేరు, ముగింపు అదే. డాక్టర్ రేమండ్ మార్టినో 1984లో పోయిన భార్యను లువార్ లోయలోని తన భవనం నేలమాళిగలో మైనస్ 65 డిగ్రీల ఫ్రీజరులో ఉంచాడు. 2002లో ఆయనా పోతే కొడుకు పక్కనే పెట్టాడు. పూడ్చడమో కాల్చడమో తప్ప చట్టంలో మూడో దారి లేదని 2006 జనవరిలో ఆ దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం చెప్పింది. ఈలోగా ఫ్రీజరు పాడై ఉష్ణోగ్రత మైనస్ 20కి పెరిగినట్టు కొడుకు కనిపెట్టాడు. ఇద్దరినీ దహనం చేశాడు.

ఈ అనుభవాల నుంచి రెండు పెద్ద సంస్థలు, అరిజోనాలోని ఆల్కార్, ఎటింజర్ 1976లో మిషిగన్‌లో పెట్టిన క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్, నేర్చుకున్నది ఒకటే: బంధువుల మీద ఆధారపడకూడదు, మొత్తం డబ్బు ముందే తీసుకోవాలి. ఇన్‌స్టిట్యూట్ ధర 28,000 డాలర్ల నుంచి. ఆల్కార్‌లో తలకు సుమారు 80,000, ఒళ్లంతటికీ 2 లక్షల పైన. డాలరు 85 రూపాయలనుకుంటే సుమారు 24 లక్షల నుంచి 1 కోటి 70 లక్షల పైదాకా. చాలామంది ఇందుకు జీవిత బీమా తీసుకుని, సొమ్ము సంస్థకు చేరేలా రాసిస్తారు. అందుకే ఇది కోటీశ్వరులకే పరిమితమైన వ్యవహారం కాదు, ప్రీమియం కట్టే ఉద్యోగులదీ.

ఆ డబ్బు ఎంతకాలం నిలుస్తుందో చిన్న లెక్క వేద్దాం. ఒకరి పేర లక్ష డాలర్ల నిధి ఉంది, ధరల పెరుగుదల పోగా ఏటా 2 శాతం వస్తుంది అనుకోండి. నత్రజని, జీతాలు, భవనం కలిపి ఆ ఒక్కరి వాటా ఏటా 2,000 డాలర్లయితే అసలు ఎన్నటికీ తరగదు. అదే వాటా 3,000 అయితే? 55 ఏళ్లకు నిధి సున్నా. ఏటా వెయ్యి డాలర్ల తేడా, అనంతకాలానికీ ఒక మనిషి జీవితకాలానికీ ఉన్న తేడా. బెడ్‌ఫర్డ్ పోయి అప్పుడే అంతకు మించింది.

చిన్న అవకాశానికి పెద్ద ఖర్చు: రెండు వైపులా

సమర్థకులు సూటిగా అడుగుతారు. పూడ్చినవాళ్లు తిరిగి వచ్చే అవకాశం సున్నా, ఇక్కడ సున్నా కంటే కాస్త ఎక్కువ, ఆ కాస్తకు నా సొంత డబ్బు ఖర్చు పెడితే మీకేం? దీనికి లెక్క కట్టేవాళ్లు షరతులను ఒకదానితో ఒకటి గుణిస్తారు. సకాలంలో దేహం అందాలి, నిర్మాణం దక్కాలి, సంస్థ నిలవాలి, సాంకేతికత రావాలి, వచ్చాక లేపాలని ఎవరికైనా అనిపించాలి. ఒక్కోదానికి సగం అవకాశం ఇచ్చినా ఐదూ కలిసొచ్చేది 32లో ఒక్కసారి. నాలుగోదానికి సగం బదులు వెయ్యిలో ఒకటి ఇస్తే మొత్తం 16,000లో ఒకటి. చిక్కేమిటంటే సగమో వెయ్యిలో ఒకటో చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఇన్‌పుట్ ఊహ అయితే గుణకారం ఎంత సరిగ్గా చేసినా వచ్చేది ఊహే.

వ్యతిరేకుల అభ్యంతరం డబ్బు మీద కంటే ఆశను అమ్మడం మీద. చావుకు దగ్గరైనవాళ్లు, బిడ్డను పోగొట్టుకుంటున్నవాళ్లు నింపాదిగా లెక్కలు వేసే స్థితిలో ఉండరు. ఆ లండన్ కేసులోనే, చివరి రోజు తల్లి ధ్యాస కూతురి పక్కన ఉండటం కన్నా తర్వాతి ఏర్పాట్ల మీదే ఉందని ఆసుపత్రి జడ్జికి తెలిపింది. వచ్చిన వాలంటీర్ల దగ్గర సరైన సామగ్రి, పద్ధతి లేవనీ చెప్పింది. నా మట్టుకు, పెద్దవాళ్లు తెలిసి చేసుకునే ఎంపికను అడ్డుకునే కారణం కనిపించదు. చిన్నపిల్లల విషయంలో అంత తేలిగ్గా చెప్పలేను.

ఇక్కడి నుంచి వెళ్లాలంటే

భారతదేశంలో క్రయోనిక్స్‌ను అనుమతించే చట్టం లేదు, పేరు పెట్టి నిషేధించేదీ లేదు. దగ్గరగా ఉన్నది 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం. అది పిండాల నిల్వకు పదేళ్ల గరిష్ఠ గడువు పెట్టింది. దేహం మీద మరణించినవారి మాటకు బలం కూడా తక్కువే. మెడికల్ కాలేజీకి దేహదానం రాసిచ్చినవాళ్ల విషయంలోనూ చివరికి కుటుంబం అప్పగిస్తేనే దేహం కాలేజీకి చేరుతుంది.

విదేశీ సంస్థలో సభ్యత్వం ఉందనుకున్నా దారిలో మరో అడ్డంకి. దేహాన్ని విమానంలో పంపడానికి మామూలుగా ఎంబామింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి ఆప్తుల దేహాలు తెచ్చుకున్న కుటుంబాలకు ఆ కాగితం తెలుసు. ఎంబామింగ్ అంటే రక్తనాళాల్లోకి ఫార్మలిన్ పంపడం. అది ఎక్కాక విట్రిఫికేషన్ ద్రావణానికి దారి కష్టం. మినహాయింపు దొరికి డ్రై ఐస్‌లో పంపినా, కాగితాలకు, ప్రయాణానికి పట్టే రోజుల్లో మెదడుకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

లేచాక బతకడానికి ఆస్తి దాచుకోవడమన్నది ఇంకో పేచీ. అమెరికాలో కొందరు తమ పునరుజ్జీవనం కోసం తామే లబ్ధిదారులుగా ట్రస్టులు రాసుకుంటున్నారు. సౌత్ డకోటా 1983లోనే ట్రస్టుల కాలపరిమితిని ఎత్తేసింది కాబట్టి అక్కడ అలాంటివి ఎన్ని శతాబ్దాలైనా నడవవచ్చు. మన ఆస్తి బదిలీ చట్టం 1882లోని 14వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. ఇప్పుడు బతికి ఉన్నవారి జీవితకాలం, దానిమీద ఒక మైనరు పెద్దవాడయ్యే కాలం, అంతకు మించి ఆస్తిని గాల్లో వేలాడదీయకూడదు. ప్రజాప్రయోజన దానాలకే మినహాయింపు. ఒకరు ఇవాళ తన ఇంటిని రెండు వందల ఏళ్ల తర్వాతి తనకే రాసుకుంటే ఆ రాత చెల్లదు, ఇల్లు మామూలుగానే వారసులకు పోతుంది.